అడ్డుపలకలో బండోడు

నాది బోర్డుల పని. ఊళ్లో సగం దుకాణాల మీద మెరిసే అక్షరాలు నేను యాక్రిలిక్ కోసి అతికించినవే. అందుకే అక్క ఫోన్ చేసి, బండోడు అడ్డుపలకలో ఇరుక్కున్నాడు, నువ్వు రోజూ చేసే పనే కదా, వచ్చి కోసెయ్ అంది. పక్కవాడి పనంటే అందరికీ అంత తేలిక.

బండోడంటే అక్క పెంచే చేప. బావ పోయాక ఆ ఇంట్లో అక్క నోరు విప్పి మాట్లాడేది వాడొక్కడితోనే. బావ తెచ్చినప్పుడు చిటికెన వేలంత ఉండేవాడు. ఒళ్లు చేసి మిగతా చేపల్ని తరుముతుంటే, చిన్నవి తప్పించుకోవడానికి తొట్టి మధ్యలో చిల్లున్న యాక్రిలిక్ పలక అడ్డంగా అతికించారు. ఇవాళ ఆ చిల్లులోకి వీడే దూరాడు. తల ఇటు, తోక అటు. మొప్పలు సరిగ్గా అంచు దగ్గర నొక్కుకుపోయాయి. అక్క అప్పటికే ముందుకీ వెనక్కీ నెట్టి చూసిందట. పొలుసులు ఊడాయి తప్ప వాడు కదల్లేదు.

సంచీ బోర్లించాను. కరెంటు రంపం నీళ్లలో పెడితే చేపతో పాటు నేనూ పోతాను. నీళ్లు తోడేస్తే వాడికి ఊపిరాడదు, పైగా ఆ రంపం వేడికి యాక్రిలిక్ కరిగి కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది. కత్తితో గీటు పెట్టి విరవడం నాకు బాగా చేతనైన పని, కానీ ఇక్కడ విరిగేది వాడి ఒంటి మీదే. షాపులో ఉన్న లేజర్ మిషన్ గొప్ప చెప్పుకోవడానికే పనికొచ్చింది. నా మీద నాకే ఒళ్లు మండింది. చివరికి ఇనుము కోసే రంపం బ్లేడు ఊడదీసి, ఒక కొసకి గుడ్డ చుట్టి, పలక పై అంచు నుంచి చిల్లు వైపు కోయడం మొదలుపెట్టాను.

గట్టిగా కోస్తే పలక అదిరి వాడు కొట్టుకుంటున్నాడు. మెల్లగా కోస్తే బ్లేడు దిగడం లేదు. అక్క మోచేతుల దాకా నీళ్లలో పెట్టి వాడిని పట్టుకుంది. ఇంకాసేపేరా నాన్నా, మామయ్య తీసేస్తాడు అని వాడికి నచ్చచెబుతోంది.

సగం దాటాక వాడు కొట్టుకోవడం మానేశాడు. పలక అదరడం లేదు, బ్లేడు సాఫీగా దిగుతోంది. నాకు తెలిసిపోయింది.

"చూశావా, ఎంత బుద్ధిగా ఉన్నాడో," అంది అక్క. "నువ్వు తొందరపడకు. నెమ్మదిగా కొయ్."

"అలాగే అక్కా," అని కోస్తూనే ఉన్నాను.