ఎడమ వైపు కీ

"చెయ్యి ఇలా ఇవ్వు," అన్నాడాయన వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆమె ఎడమ చేతికి అంటిన సబ్బు నురగ కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని చాపింది. కుడి చేతిలో సగం తోమిన గిన్నె అలాగే ఉంది. ఆయన నీలం డయల్ వాచీని ఆమె మణికట్టుకి కట్టి, పట్టీ బిగించి, వంగి చెవి ఆన్చి విన్నాడు. వాచీనే విన్నాడు లెండి, ఆమె ఏమైనా అంటుందేమోనని కాదు. "మధ్యాహ్నం దాకా ఇది. భోజనాలయ్యాక తెల్లది పెట్టుకో. సాయంత్రం ఆకుపచ్చది. మర్చిపోకు, నిన్న తెల్లది ఆగిపోయింది," అని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఆయనకి వాచీల పిచ్చి. అవి బ్యాటరీతో నడిచేవి కావు, చెయ్యి కదిలితే దానంతట అదే కీ ఎక్కే రకం. ఆ చెయ్యి కదలడం దగ్గరే వచ్చింది చిక్కు. ఆయనది బీమా ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. ఉదయం కూర్చుంటే సాయంత్రం దాకా మౌసు మీంచి చెయ్యి లేవదు. ఆయన చేతికున్న వాచీయే సాయంత్రానికి ఆవులించేది, ఇక పెట్టెలో ఉన్నవాటి సంగతి చెప్పనక్కర్లేదు. ఒకరోజు ఒక వాచీని స్నానాల గదిలో మర్చిపోయి వెళ్ళాడు. జారి పడిపోతుందేమోనని ఆమె చేతికి పెట్టుకుని, అలాగే ఇల్లు ఊడ్చి, తుడిచి, దుప్పట్లు ఉతికి పిండి, ఇస్త్రీ చేసింది. ఇంటికొచ్చి ఆ వాచీ చూసుకుని ఆయన నిలువునా ఆశ్చర్యపోయాడు. "ఫుల్లుగా ఎక్కింది! రెండు రోజులు చూడక్కర్లేదు!" అన్నాడు. అంత సంతోషంగా ఆయన ముఖం చూసి చాలా రోజులైంది, అందుకని ఆమె కూడా సంతోషించింది. ఆ సంతోషం ఖరీదు ఎంతో అప్పుడు తెలియలేదు. మర్నాటి నుంచి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, ఆమె చేతికి డ్యూటీలు పడ్డాయి.

వాచీలని పెట్టి తిప్పే పెట్టెలు బజార్లో దొరుకుతాయట. ఆయన స్నేహితుడు ఆడిటరు ఒకటి కొన్నాడు. "నువ్వూ కొనొచ్చుగా?" అని స్నేహితులందరి మధ్యా అతను అడిగితే ఆయన వంటింటి వైపు తల ఊపి, "నాకెందుకు, మా ఇంట్లో ఉందిగా. కరెంటు కూడా అక్కర్లేదు," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకేం చేస్తుంది? ఆ జోకు ఆ తరవాత ఎన్నిసార్లు విన్నదో. మొదట్లో ఎక్కడో చురుక్కుమనేది. తరవాత తరవాత, దంతాల డాక్టరు మత్తుసూది పొడిచాక చిగురు ఉంటుందే, అలా అయింది. ఎవరో ఏదో చేస్తున్నారని తెలుస్తుంది, అంతే.

అత్తగారు మొదట ఒప్పుకోలేదు. "మగవాళ్ళ వాచీ కట్టుకుని ఇల్లు తుడుస్తున్నావేంటే, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. కొడుకు విడమరిచి చెప్పాక కాసేపు ఆలోచించి, "అలాగా, అయితే పైగది కూడా తుడవమను, ఇంకా బాగా తిరుగుతుంది," అంది. పాపం ఆవిడ వేళాకోళానికి అనలేదు, మనస్ఫూర్తిగానే అంది. పనిమనిషిని మానిపించినప్పుడు కూడా ఎవరూ పెద్దగా చర్చించలేదు. వాచీలకి మంచిదే కదా అన్నట్టు జరిగిపోయింది.

సాయంత్రం తనిఖీ ఉంటుంది. ఆయన కాఫీ తాగి, ఆమెని దీపం దగ్గరికి పిలిచి, చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ గీతలేమైనా పడ్డాయా అని చూస్తాడు. కిటికీలోంచి చూసేవాళ్ళకి ఎంత ముచ్చటగా ఉంటుందో ఆ దృశ్యం. ఎవరి దాకానో ఎందుకు, కొత్తలో ఆమెకే ముచ్చటగా ఉండేది. అలా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయిందో అనుకుని, పని ఎంత మిగిలి ఉన్నా కదలకుండా నిలబడేది. కీ తిప్పే బుడిపె కుడివైపు ఉంటుంది కదా, నేల తుడిచేటప్పుడూ బట్టలు పిండేటప్పుడూ చెయ్యి వంగిన ప్రతిసారీ అది చేతి వెనక గుచ్చుకునేది. గుచ్చుకుని గుచ్చుకుని అక్కడ చర్మం నల్లగా, కాయలా గట్టిపడింది. రోజూ దీపం కింద ఆ మచ్చకి అంగుళం దూరంలో ఆయన కళ్ళుండేవి. ఒక్కనాడూ "ఇదేంటి?" అని అడగలేదు. ఒకసారి మాత్రం వేలితో రుద్ది చూసి, "హమ్మయ్య, చర్మమే. వాచీకి ఏమైనా అంటిందనుకున్నా," అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకి ఆ చెయ్యి తన చెయ్యిలా అనిపించడం మానేసింది. పోనీ ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు.

ఆ వాచీలతో బయటికి మాత్రం వెళ్ళకూడదు. గోడకి తగలచ్చు, ఎవరైనా లాక్కుపోవచ్చు. ఇంట్లో ఇంత ఖరీదైన కాలం మోసే మనిషి, బజారుకెళ్ళి కూరగాయల మనిషిని "టైమెంతయింది బాబూ?" అని అడిగేది.

తరవాత ఆయన మోజు ఇంకో మెట్టెక్కింది. ఉన్న వాచీల డయళ్ళు, ముళ్ళు మార్చి కొత్త రూపు తేవడం. కొరియర్లో చిన్న చిన్న పొట్లాలు రావడం మొదలైంది. ఆయన వేళ్ళు లావు, ఓపిక సన్నం. సెకన్ల ముల్లు పెట్టబోయి వంచేశాడు, ఇంకోటి విరిచేశాడు, మూడోది ఎగిరి మంచం కిందికి పోతే ఆమెని ఒంగోబెట్టి ఇల్లంతా వెతికించాడు. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నాళ్ళూ ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేసింది. ఆవగింజంత స్క్రూలు బిగించడం ఆమె పని. "ఆ స్క్రూలు తిప్పే ఉద్యోగానికి అంత పొద్దున్నే పరుగెందుకు, ఇంట్లో ఉండు," అని మానిపించింది ఈయనే. ఇప్పుడు ఆ స్క్రూలే ఇంటికొచ్చాయి. ఆమె కూర్చుని, ట్వీజరుతో ముల్లు పట్టుకుని, ఊపిరి బిగపట్టి మెల్లగా అద్దింది. ముల్లు చక్కగా కూర్చుంది. ఆయన "శభాష్," అనలేదు, "ఇక నుంచి మధ్యాహ్నాలు ఈ పని చూడు," అన్నాడు. స్నేహితులు వచ్చినప్పుడు మాత్రం "నేను మార్చాను" అనేవాడు. ఏదైనా చెడితే "మేము మార్చాం" అనేవాడు.

అలా మధ్యాహ్నాలు భోజనాల బల్ల దగ్గర, దుమ్ము పడకుండా డయళ్ళ మీద టీ గ్లాసులు బోర్లించి పని చేస్తూ చేస్తూ, ఆమె తన కోసం ఒకటి మొదలుపెట్టింది. ఆయన చెత్తబుట్టలో వేసినవే అన్నీ. గీత పడ్డ డయల్ మీద రంగంతా తీసేస్తే కింద ఇత్తడి బయటపడింది, దాన్ని అలాగే ఉంచింది, అంకెలు కూడా లేకుండా. ఒక పాత వాచీ ముళ్ళు. ఆయన పనికిరాదని పక్కన పడేసిన వాచీ లోపలి మిషన్, విప్పి శుభ్రం చేస్తే ఆడింది. అన్నిటికంటే ముఖ్యంగా, మిషన్‌ని సగం చుట్టు తిప్పేసి, డయల్ మాత్రం నిటారుగా అంటించింది. దాంతో కీ బుడిపె కుడివైపు నుంచి ఎడమవైపుకి వచ్చేసింది. ఇక చెయ్యి ఎంత వంచినా గుచ్చుకోదు. ఎన్ని మధ్యాహ్నాలు పట్టిందో ఆమె లెక్కపెట్టలేదు. చేతికి కట్టుకున్న రోజు నేలంతా తుడిచి లేచాక గానీ ఆ సంగతి తెలియలేదు, నొప్పి లేదని. నొప్పి లేదని తెలియడం కూడా ఒక స్పర్శే కదా. ఆ వాచీ అంటే ఆమెకి ఇష్టం. అది ఒక్కటే ఇష్టం. మిగతావాటికి ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు, రోజులు గడుస్తున్నాయంతే. ఆయన వాచీని కుడిచేతికి మార్చుకుని, తనది ఎడమచేతికి పెట్టుకునేది. ఆయన వచ్చే వేళకి తీసి గరిటెల డ్రాయరులో దాచేది.

ఒకరోజు ఆయన తొందరగా వచ్చాడు. "ఏంటిది?" అని చెయ్యి పట్టుకున్నాడు. తిట్టలేదు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "బావుందే! ఆదివారం మనవాళ్ళకి చూపిద్దాం. నువ్వు పెట్టుకునే ఉండు, తీయకు," అన్నాడు. బావుంది అన్నమాట విని ఆమెకి లోపల ఏదో కొద్దిగా కదిలింది. అంత కొద్దిదానికే కదిలినందుకు సిగ్గుగానూ అనిపించింది.

ఆదివారం ఆడిటరూ, ఆయన ఇంకో స్నేహితుడు, దంతాల డాక్టరూ వచ్చారు. టీ ట్రేతో ఆమె హాల్లోకి రాగానే ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని ముందుకి లాగి, "చూడండి, నా కొత్త ప్రయోగం," అన్నాడు. కప్పులు గలగలలాడాయి. డాక్టరు కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగి చూశాడు.

"అన్నా, కీ ఇటెందుకు పెట్టావు?"

"అదా, ఇప్పుడు అందరూ అలాగే పెడుతున్నారు. స్టైలు."

"స్టైలు సంగతేమో గానీ, నాకు భలే పనికొస్తుంది. గ్లవుజు తొడిగిన ప్రతిసారీ ఆ బుడిపె పట్టుకుని చిరిగిపోతుంది. నాకిచ్చెయ్యి అన్నా. నువ్వు ఎప్పట్నుంచో అడుగుతున్నావుగా మా తాతగారి నల్ల డయల్ వాచీ, అదిచ్చేస్తాను."

ఆ నల్ల డయల్ వాచీని ఆయన కలలో కూడా అడిగేవాడు. ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఖాయం!" అని డాక్టరు చేతిలో చెయ్యేసి, ఆమె వైపు తిరిగి, "ఇదిగో, అది తీసివ్వు," అన్నాడు.

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. వాచీ తీయలేదు.

"నీకే చెప్పేది."

"ఇది నాదండీ," అంది.

గొంతు ఎవరిదో లాగా వినిపించింది ఆమెకే. ఆయన నవ్వాడు, అతిథులకి నవ్వులో భాగం పంచుతూ. "నీదేంటి, నాదేంటి! అన్నీ నీ చేతికే కదా ఉండేవి."

"ఇది నేను చేసుకున్నాను."

"ఏం చేసుకున్నావు? డయల్ నాది. మిషన్ నాది. ముళ్ళు నావి. పట్టీ కూడా నేను కొన్నదే. ఇందులో నీదేముంది చెప్పు?"

ఆడిటరు కిసుక్కుమన్నాడు. డాక్టరు ఇబ్బందిగా టీ కప్పు అందుకున్నాడు. ఆమె ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది, లెక్క తేల్చాల్సిన పిల్లలాగా. డయల్ ఆయనదే. మిషన్ ఆయనదే. ముళ్ళూ, పట్టీ ఆయనవే. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. అదీ రాలేదు. వచ్చింది ఒక్కటే, పెద్ద అలసట, ఇన్నేళ్ళ తిరుగుడంతా ఒక్కసారి కాళ్ళలోకి దిగినట్టు.

"సరే," అంది.

గోడ అలమరలోంచి పనిముట్ల రేకు డబ్బా తెచ్చుకుని, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. పట్టీ విప్పింది. వెనక మూత తిప్పి తీసింది. "ఓహో, డెమో కూడానా!" అని ఆడిటరు ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. ఆమె కీ బుడిపె లాగి, మిషన్ బయటికి తీసి, ముళ్ళు ఒక్కొక్కటీ ఊడదీసింది. డయల్ వెనక అంటించిన చోట సన్నటి బ్లేడు దూర్చి, గీత పడకుండా వేరు చేసింది. అన్నీ అయ్యాక ఆయన ముందుకి ఒక్కొక్కటీ జరిపింది.

"ఇదిగోండి మీ డయల్. ఇది మీ మిషన్. మీ ముళ్ళు. పట్టీ."

కుడిచేతికి ఆకుపచ్చది ఉంది. అదీ విప్పి వాటి పక్కన పెట్టింది. "ఇదీ మీదే. ఇక వీటిని మీరే పెట్టుకు తిప్పుకోండి."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆడిటరు ఫోను దించాలో వద్దో తెలియక అలాగే పట్టుకున్నాడు. పాపం డాక్టరుకి మాత్రం వాచీ పోయిందన్న దిగులు తప్ప ఇంకేమీ అర్థం కాలేదు.

"పర్లేదు వదినగారూ, మీరేం బాధపడకండి," అన్నాడు. "అన్నా, నువ్వు తీరిగ్గా మళ్ళీ బిగించి పంపించు. తొందరేం లేదు."

ఆయన బల్ల మీది ముక్కల్ని చూశాడు. వెంట్రుకంత సెకన్ల ముల్లు తెల్లటి గుడ్డ మీద కనిపించీ కనిపించకుండా ఉంది. తన లావుపాటి వేళ్ళు చూసుకున్నాడు. తరవాత ఆమె వైపు చూశాడు, ఆ చూపులో హుకుం లేదు, అడగడం ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి.

ఆమె ట్రేలో మిగిలిన టీ కప్పు తీసుకుంది. అది ఆయన కోసం పోసిన కప్పు. చల్లారిపోకముందే ఒక గుక్క తాగింది.

"ఆయన చేసిందే కదా డాక్టరుగారూ," అంది, "ఆయనే బిగిస్తారు."