కోసికి వచ్చేదాకా

“ఆఫీసర్లొస్తన్నారు. టీలో అల్లం దంచి వెయ్యి. మొన్నట్లాగ నీళ్ళనీళ్ళగా పెట్టకు,” అన్నారు మా ఆయన చక్రధరరావు, అద్దం ముందు మీసం దువ్వుకుంటూ. ఆ రోజు నా తరగతిలో నా పిల్లలకి పాఠం చెప్పబోయేది ఆయన. టీ పెట్టబోయేది నేను.

జగదల్‌పూర్ అవతల, ఇనుపరాయి తవ్వే గని కాలనీలో మా బడి. ఆయన పర్మనెంటు మాస్టారు. నేను అతిథి టీచర్ని, ఈ ఏడు ఉంటే వచ్చే ఏడు ఉంటానో లేదో. అతిథికి ఎవరైనా కుర్చీ వేస్తారు, నాకు చీపురిచ్చారు. ప్యూన్ రానిరోజు బడి ఊడ్చేది నేనే. ఐదో తరగతి ఎవరికీ అక్కర్లేదు కనక నాకిచ్చారు. ముందు బల్లల మీద కాలనీ పిల్లలు, రైల్వే క్వార్టర్ల పిల్లలు. వెనక గోడకి ఆనుకుని, కింది ఊళ్ళనుంచి నడిచొచ్చే గోండు పిల్లలు. ఇంట్లో గోండీ, సంతలో హల్బీ, బళ్ళో హిందీ. వాళ్ళకేమీ రాదని తేల్చేశారు. అడిగి చూసినవాడెవడు?

బల్లలు గోడకి నెట్టేసి, పిల్లల్ని నలుగురు నలుగురుగా కింద కూర్చోబెట్టాను. కాలనీ పిల్లలిద్దరు, ఊరి పిల్లలిద్దరు. రూలు ఒక్కటే. నలుగురికీ వచ్చాకే చెయ్యెత్తాలి. నేనెవర్ని అడిగితే వాళ్ళు చెప్పాలి, ఆ మార్కే నలుగురికీ. మొదట్లో జుట్లు పట్టుకున్నారు. తన గుంపులో పడ్డ గోండు పిల్ల కోసివల్ల తన మార్కులు పోతున్నాయని ఎర్రన్న ఏడ్చాడు. వాళ్ళ నాన్న రైలింజను నడుపుతాడు. వాళ్ళమ్మ నూకమ్మ నా మీదికొచ్చింది. “మా గుంటడు ఆళ్ళకి సదువు సెప్పడానికొస్తన్నాడేటి? మేస్టరువి నువ్వా, ఆడా?”

“ఇంకొకరికి చెప్తేనే వాడికి గట్టిగా వస్తుంది నూకమ్మగారూ.”

నమ్మలేదావిడ. తర్వాతెప్పుడో, కొడుకు వచ్చీరాని గోండీలో కోసికి లెక్క చెప్తుంటే కిటికీలోంచి విని, “ఓరి ఈడి బాసా!” అని నవ్వుకుంటూ పోయింది.

ఇంట్లో మా అత్తగారు తాతమ్మ ఎత్తిపొడిచేది. “ఏటే, గిన్నెల్ని కూడా గుండ్రంగా కూకోబెట్టీసినావా? ఆటికవే తోమీసుకుంటాయా?” ఈయన పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్విన నోటితోనే, మీ బళ్ళో కొత్త బోధన ఏమైనా ఉందా అని పైనుంచి అడగ్గానే తన పేరు చెప్పుకున్నారు. అదేమిటని నేనడిగితే, “మొగుడూ పెళ్ళాల మద్దిన నీదీ నాదీ ఏటే?” అన్నారు. ఈ మాట ఎంగిలి గిన్నెల దగ్గర నాకెప్పుడూ వినపడలేదు. ఆయన బనీన్ల దగ్గరా, అత్తగారి కషాయం దగ్గరా వినపడలేదు. అవన్నీ అచ్చంగా నావే. నాదంటూ గర్వంగా ఒకటి కనపడిందా, అది వెంటనే మనది. మనదైందా, ఇక ఆయనది.

ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన బోర్డు మీద లెక్క వేశారు. సగానికి పావు కలిపితే ఎంత? పిల్లలు తలలు దగ్గరికి చేర్చారు. కుర్చీల్లో ఆఫీసర్లు గడియారాలు చూసుకుంటున్నారు. ఆయన ఆగలేకపోయారు.

“ఎర్రన్నా, చెప్పరా.”

“మాది అవలేదు సార్. కోసికి ఇంకా రాలేదు.”

“నీకొచ్చు కదరా!”

“నాకొక్కడికే వస్తే లెక్కలోకి రాదు సార్.”

పక్క గుంపునడిగారు. వాళ్ళూ అవలేదన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గబగబా వచ్చి కోసి రెక్క పట్టుకుని లేపారు. “నీవల్లే ఆగింది. పో, వెనక కూర్చో.”

ఆ పిల్ల పలక తీసుకుని గోడ దగ్గరికి పోయింది. అప్పుడు ఎర్రన్న లేచాడు. వాడి వెనక, అదే గుంపులో పిల్లలు కమ్లీ, మాడ. ముగ్గురూ పోయి గోడ దగ్గర కోసి చుట్టూ కూర్చున్నారు. కమ్లీ కాగితం నాలుగు మడతలు పెట్టి విప్పింది. గుసగుసలాడుకున్నారు. కాసేపటికి కోసి చెయ్యెత్తింది. ముందు గోండీలో తన గుంపుకి చెప్పుకుంది, తర్వాత లేచి హిందీలో అందరికీ చెప్పింది. “మూడు పావులు.”

“వాహ్ రావుజీ!” పెద్దాఫీసరు తొడ చరిచాడు. “జగదల్‌పూర్ రండి. టీచర్లందరికీ మీరే నేర్పాలి.” జేబులోంచి పెన్ను తీశాడు. ఈయన చేతులు జోడించి వంగారు.

పిల్లని గోడకి తోసిందీ ఈయనే, వాహ్ కూడా ఈయనకే! ట్రే తీసుకెళ్ళి ఆ జోడించిన చేతుల్లో పెట్టాను.

“ఆ పేరు రాయకండి సార్. పద్ధతి నాది, తరగతి నాది. ఆ పిల్లని వెనక్కి తోలినప్పుడే మీకు తెలియాలి, ఈయనకిది రాదని.”

“మా ఆవిడండీ... కొంచెం కోపం మనిషి,” అని ఈయన నవ్వబోయారు.

“మీ పేరేమిటమ్మా?”

“ప్రమీలారాణి. అతిథి టీచర్ని.”

ఆఫీసరు పెన్ను మూశాడు. “అతిథి టీచర్లని పిలిచే నియమం లేదే.”

“అయితే ఎవర్నీ పిలవకండి.”

ఆఫీసర్లు టీ తాగకుండానే పోయారు. వచ్చే ఏడు నా పేరు ఉండదని నాకక్కడే తెలిసిపోయింది. ఈయన ట్రే కిటికీలో పెట్టి, పిల్లలకి వినపడకుండా నా చెవి దగ్గరకొచ్చారు.

“ఇంటికి రా, నీ పని సెప్తాను.”

“వస్తే చెబుదురుగాని,” అన్నాను, పిల్లలందరికీ వినపడేలా.