చేరిన తేదీ

తొమ్మిదో హెచ్చరికా ఉత్తదేనని తేల్చి, ఆమె పదోది తెరిచింది. పంపుల విడిభాగాలు అమ్మే కంపెనీ అది. కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా కనిపెట్టి ఉండటం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. అందరూ గొళ్లెం అక్క అంటారు. ఇంట్లో కూడా పడుకోబోయే ముందు తలుపు మూడుసార్లు లాగి చూస్తుంది. దొంగ వచ్చినా మన తలుపు చూసి జాలిపడి పోతాడని భర్త వేళాకోళం చేస్తుంటాడు.

పదోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పొద్దున ఏడింటికి స్టోరు గుమాస్తా కంప్యూటరు ఖాతా తెరుచుకుంది. స్టోరు బాబాయి అని అందరూ పిలిచే ఆయన జబ్బుచేసి నెలరోజులుగా మంచం మీద ఉన్నారు. మరి ఈ వేళ్లెవరివి? సరుకు జాబితాలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. ఆమె ఖాతాకు తాళం వేసింది.

పది నిమిషాలకు ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను బాబాయిని. నా కంప్యూటరు మూసుకుపోయింది. ఏ సామాను ఎక్కడుందో నా బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. తర్వాత వచ్చేవాడు తిప్పలు పడతాడని రాసిపెడుతున్నా. ఇక నేను రాలేనులే. రెండు అరలే మిగిలాయి, తెరువమ్మా."

గొంతు ఆయనదే. కాని గొంతులు అనుకరించి తాళాలు తీయించుకునేవాళ్లను ఆమె చూసింది. రూలు ప్రకారం, ఉద్యోగంలో చేరిన తేదీ అడిగింది. ఆయన తడుముకోకుండా చెప్పారు. అది రికార్డులో ఉన్నదానికి నాలుగేళ్లు ముందు. మళ్లీ అడిగినా అదే చెప్పారు.

"నేనెప్పుడు చేరానో నాకు తెలీదా తల్లీ?"

ఆమె ఫోను పెట్టేసింది.

దొంగయితే తడబడాలి. బాబాయయితే సరిగ్గా చెప్పాలి. రెండూ కాని ఈ మనిషెవరు? పై అధికారిని అడిగితే, తేలేదాకా తాళం ముట్టుకోవద్దన్నాడు. స్టోరేమో ఊరికి ఆ చివర. అక్కడి కెమెరా దృశ్యాలు చేతికొచ్చేసరికి మూడయింది. మఫ్లరు చుట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తున్నది బాబాయే. ఆమె తాళం తీసి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆటో ఎక్కింది.

స్టోరు గేటు దగ్గర కాపలా పెద్దాయన స్టూలు మీంచి లేచాడు. బాబాయి రెండింటికి కుర్చీలోంచి లేవలేకపోతే భార్యను పిలిపించి ఆసుపత్రికి పంపారట. దారిలోనే పోయారట.

ఆమె తేదీ సంగతి అడిగింది.

"రికార్డులోకి ఎక్కింది తర్వాతమ్మా. ముందు నాలుగేళ్లు ఇక్కడే రోజుకూలీకి పెట్టెలు మోశాడు."

ఆమె తాను చేసినదంతా మొదటి నుంచి తలచుకుంది. ఎక్కడా రూలు తప్పలేదు. ఇలా ఎందుకయిందో అర్థం కాలేదు.

లోపల కంప్యూటరు పక్కన అట్టపెట్టె మూత ఒకటి బోర్లించి ఉంది. దాని మీద పెన్సిలుతో ఒక అర వివరమంతా రాసి ఉంది. రెండోదానికి గళ్లు మాత్రం గీసి ఉన్నాయి.