పాసింజరులో క్యారియర్లు

తాడేపల్లిగూడెంలో శ్రీరాములుది స్టీలు సామాన్ల కొట్టు. 2004 వేసవిలో, కొట్టు పేరు మీద సొంతంగా ఒక కొత్తరకం క్యారియరు చేయించాలని అతనికి బుద్ధి పుట్టింది. గిన్నెల మీద గులాబీలు చెక్కించాలా, నెమళ్ళు చెక్కించాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాడు.

"నెమళ్ళని చూస్తూ ఎవరన్నా అన్నం తింటారాండీ?" అంది భార్య చంద్రావతి. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, మాటకన్నా ముందు నవ్వొచ్చే మనిషి. "క్యారియరు విప్పి జనం ఎలా తింటారో చూసొద్దాం పదండి. మధ్యాహ్నం పాసింజరు నిండా క్యారియర్లే కదా!"

మర్నాడు ఇద్దరూ ఏలూరుకి టిక్కెట్లు తీసుకుని రైలెక్కారు. బండి కదిలిందో లేదో, గిన్నెల చప్పుడు మొదలైంది. చంద్రావతికి రెండు కళ్ళూ చాలలేదు. కిటికీ పక్క పెద్దాయన, గిన్నెలు ఊడిపోతాయని క్యారియరుకి తువ్వాలు బిగించి కట్టుకొచ్చాడు. ఇప్పుడా ముడి రాక పళ్ళతో పీకుతున్నాడు. ఆ పక్కన ఒకావిడ పప్పుగిన్నె ఒళ్ళో పెట్టుకుని, మిగతావి పెట్టే చోటులేక భర్తకిచ్చింది. పాపం ఆయన రెండు చేతుల్లో రెండు గిన్నెలు పట్టుకుని, తినడానికి చెయ్యి లేక, అన్నం వంక దిగులుగా చూస్తున్నాడు.

చంద్రావతికి నవ్వు పొంగుకొచ్చింది. చీరకొంగు నోట్లో కుక్కుకుంది. శ్రీరాములు మోచేత్తో పొడిచాడు గానీ, అతని భుజాలూ ఊగుతూనే ఉన్నాయి.

ఎదురుసీటులో ఒకావిడ, మెడలో సన్నటి సిలువ గొలుసుతో, ఒళ్ళో క్యారియరుతో కూర్చుని ఉంది. "ఏవండీ, ఇందాకట్నించీ అందరి గిన్నెల్లోకీ చూస్తున్నారు. ఆకలేస్తుందాండీ?" అని అడిగింది.

"అబ్బే, లేదండీ! మేం ఊరికే..." అన్నాడు శ్రీరాములు, చెవులు ఎర్రబడుతుంటే.

"మొహమాటపడకండి. నా పేరు మరియమ్మండి. మా అన్నయ్యది మండవల్లి. నిన్న కొల్లేరు చేపలు పంపాడు. పులుసు బాగా కుదిరింది."

"మేం చేపలు తినమండీ," అంది చంద్రావతి.

"అయ్యో, అయితే పెరుగన్నం ఉందండీ. వేరే గిన్నెలోదే లెండి."

వద్దంటున్నా వినకుండా ఆవిడ క్యారియరు పైమూత తిరగేసి, అందులో పెరుగన్నం పెట్టి అందించింది. మూత చదునుగా ఉంది. బండి ఒక్క కుదుపు కుదిపేసరికి సగం పెరుగన్నం శ్రీరాములు ప్యాంటు మీద పడింది. పెట్టెలో జనమంతా ఘొల్లున నవ్వారు. అప్పటికి తువ్వాలు ముడి విప్పుకున్న పెద్దాయన, "ఇదిగోండమ్మా, మా పులిహోర కూడా రుచి చూడండి," అంటూ తన మూత తిరగేశాడు. రెండు గిన్నెలాయన చేతిలోంచి వంకాయ కూర కూడా వచ్చింది. దెందులూరు దాటేసరికి ఇద్దరికీ ఊపిరాడటం లేదు, కొంత తిండికీ, కొంత నవ్వుకీ.

ఉన్నట్టుండి చంద్రావతి మొగుడి భుజం పట్టి ఊపేసింది. "ఏవండీ! మూతండీ, మూత! ఒక్కరూ ఒంటరిగా తినట్లేదు చూశారా? పక్కవాళ్ళకి పెట్టడానికి కంచం లేక మూతలు తిరగేస్తున్నారు. మనం మూతనే లోతుగా, కంచంలా చేయిద్దాం!"

శ్రీరాములు నోరు తెరిచాడు. ఆ నోట్లో వంకాయ ముక్క అలాగే ఉండిపోయింది. "మరి నెమళ్ళు?" అన్నాడు.

"ఎగిరిపోయాయి!" అంది చంద్రావతి. మరియమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

వర్షాకాలం మొదలయ్యేసరికి మొదటి క్యారియరు తయారైంది. దాని మూత అంచులెత్తి, కాస్త పెద్దగా, అచ్చం కంచంలా ఉంది. ఆ రోజే చంద్రావతి క్యారియరు నిండా చక్రపొంగలి నింపి, శ్రీరాముల్ని లాక్కుని మళ్ళీ పాసింజరెక్కింది. పక్కనున్న ముసలమ్మకి మూతలో వడ్డించింది. ఈసారి బండి ఎంత కుదిపినా ఒక్క మెతుకు కింద పడలేదు. ముసలమ్మ తిని, కడిగి, వెనక సీటువాళ్ళకిచ్చి, "అటివ్వండి, ఆ అమ్మాయి పెడుతుంది," అంది. మూత సీటు నుంచి సీటుకి తిరుగుతుంటే చంద్రావతి గరిటె పట్టుకుని దాని వెంట పడింది. భీమడోలు వచ్చేసరికి పొంగలి మొత్తం అయిపోయింది, శ్రీరాములుకి ఒక్క ముద్ద కూడా మిగల్లేదు.