కాలికి నల్లదారం

నేను ఒక డ్రోన్‌ను. నాలుగు రెక్కలు, ఒక కన్ను, బోలెడంత అనుమానం. కార్ఖానాలో నన్ను బిగించి పెట్టెలో పెట్టగానే పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన కొన్నాడు. వేదిక దగ్గర పళ్లికిలించే చుట్టాలు పందిరి వెనక్కి వెళ్లి కొట్టుకోవడం పైనుంచి ఎన్నిసార్లు చూశానో! మనుషుల మీద నమ్మకం అక్కడే పోయింది.

తర్వాత ఇంజనీరు సుధీంద్ర చేతికి వచ్చాను. అనంతపురం వైపు గొర్రెలు మేసే ఒక గుట్ట. వానకు మట్టి ఎక్కడెక్కడ కోసుకుపోతోందో ఫొటోలు తీయడం నా పని. కోత పెరిగితే గుట్టను మేతకు మూసేస్తారు. మూస్తే అక్కడ గొర్రెలు కాసుకునే కుళ్లాయమ్మ తన మందను అమ్ముకోవాల్సిందే. ఆమెకు వేరే బతుకు లేదు.

వింతేమిటంటే, నేను లేచానంటే గుట్ట ఖాళీ. అప్పుడే కొరికిన గడ్డి కనిపిస్తుంది, పచ్చి పెంటికలు కనిపిస్తాయి, గొర్రె మాత్రం ఒక్కటీ ఉండదు. ఈ గొర్రెలకాపరులేదో దాస్తున్నారని నాకు గట్టి అనుమానం. పైగా గడ్డిపోచైనా లేని తూర్పు వాలులో కోతలు నెలనెలా లోతవుతున్నాయి. మేత లేనిచోట గొర్రెలకేం పని? సుధీంద్రకూ అంతుపట్టలేదు. చివరికి గుట్ట మూసేయాల్సిందేనని తేల్చాడు.

ఆ మాట చెప్పడానికి నన్ను చంకన పెట్టుకునే వెళ్లాడు. నన్ను చూడగానే కుళ్లాయమ్మ చేతిలోని గొర్రెపిల్లను కొంగుతో కప్పేసింది.

"దాన్ని అవతల పెట్టు సారూ! మా జీవాలను ఎంచేదానికే కదా తిప్పుతాండావు? బయటోళ్లు ఎంచితే దిష్టి తగిలి మంద నిలబడదు. అందుకే దాని రొద ఇనపడితే సాలు, అన్నిట్నీ తూర్పు వాలు దింపి, వంకలో సెట్ల కిందికి తోలేస్తాండాము."

సుధీంద్ర తూర్పు వాలు వైపు తిరిగి చూశాడు. హడావుడిగా దిగే మంద గిట్టల కిందే ఆ వాలు తెగిపోయింది. నాకు భయపడి వాళ్లు పరిగెత్తారు. వాళ్లు పరిగెత్తిన చోటునే నేను ఫొటో తీసి చూపించాను. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు.

"మేం చూసేది మట్టినమ్మా, గొర్రెల్ని కాదు."

"ఆ ముక్క ముందే సెప్పింటే నీ సొమ్మేం పోయె?"

అతను తల దించుకున్నాడు. ఈ వానాకాలం పోయేదాకా ఆగుతానని, మందను గుట్ట మీది పైగడ్డిలోనే మేపమని చెప్పాడు. ఆమె సరేనంది కానీ, నన్ను ఎగరనిచ్చే ముందు కాలికి నల్లదారం కట్టింది.

వానలు వెళ్లేసరికి తూర్పు వాలులో గడ్డి మొలిచింది. గుట్ట మూయలేదు. ఇప్పుడు రెక్క విరిగి ఆఫీసు బీరువా మీద దుమ్ము తింటున్నాను. దారం ఇంకా ఉంది. దిష్టి నాకు తగలకూడదని కట్టిందా, నా దిష్టి మందకు తగలకూడదని కట్టిందా?

రెండోదే. చివరిసారి ఎగిరినప్పుడు మంద అంతా పైగడ్డిలో నా కంటి ఎదుటే మేస్తోంది. కుళ్లాయమ్మ తలెత్తి నన్ను చూసి నవ్వింది కూడా. నవ్వుతూనే ఒక చిన్న గొర్రెపిల్లను కొంగు కిందికి లాక్కుంది.