పట్టాలో ఆరో పేరు

పక్కింటి మార్గరెట్ వెదర్‌బీ ఎవరినీ సాయం అడిగే మనిషి కాదు. అలాంటిది ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "సుభద్రా, నాకొక పని చేసిపెట్టాలి" అనేసరికి, ఆ పనేమిటో వినకుండానే సుభద్ర సరేనంది.

ఆవిడకి కాదని చెప్పే నోరు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. న్యూజిలాండ్‌లోని టౌరంగాకి వచ్చిన కొత్తలో సుభద్ర భర్త రామమోహన్‌కి పోర్టులో కంప్యూటర్ల పని, వేళాపాళా ఉండేది కాదు. సుభద్ర ఇక్కడి చట్టాలు చదివి పరీక్షలు రాసి, ఒక లాయర్ల ఆఫీసులో ఇళ్ళ అమ్మకాలకు టైటిళ్ళు, అంటే భూమి హక్కుపత్రాలు, పరిశీలించే ఉద్యోగంలో చేరింది. ఆ రోజుల్లో కూతురు స్పందనని బడి నుంచి తెచ్చి, అన్నం పెట్టి, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది మార్గరెట్టే. ఇక్కడి పిల్లలు అమ్మమ్మని పిలిచినట్టే స్పందన ఆవిడని 'నానా' అని పిలిచేది. "ఒకరు నాన్న, ఒకరు నానా. ఎవరిని పిలిచినా నేనే పరిగెత్తుతున్నాను" అని రామమోహన్ నవ్వేవాడు.

మార్గరెట్ అడిగిన పని ఆవిడ వంశం గురించి. ఈస్టర్‌కి వెదర్‌బీలందరూ ఒకచోట చేరుతున్నారు. అందరిలో పెద్దది గనక కుటుంబ చరిత్ర ఆవిడే చదవాలి. థామస్ వెదర్‌బీ అనే పూర్వీకుడు చేతిలో ఒక్క గొడ్డలితో వర్జీనియాలో ఓడ దిగి, అడవి కొట్టి పొలం చేసుకున్నాడనీ, ఎన్నో తరాల తర్వాత ఆ ఇంటి కుర్రాడొకడు తిమింగలాల వేట ఓడలో న్యూజిలాండ్ చేరాడనీ ఆవిడ తండ్రి చెప్పేవాడట.

"మా వాళ్ళు ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు. మా నాన్న చచ్చేదాకా ఆ మాటే అనేవాడు. నువ్వు రోజూ భూమి కాగితాలు చదువుతావు కదా, దానికి ఆధారం వెతికిపెట్టు" అంది మార్గరెట్.

సుభద్రకి ఆ పని నచ్చింది. వర్జీనియా పాత దస్తావేజులు, వీలునామాలు, కోర్టు పుస్తకాలు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంటి పనయ్యాక ఆదివారాలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కో తరమే వెనక్కి వెళ్ళింది. ఓడ మీద వచ్చిన కుర్రాడి తండ్రి, అతని తండ్రి, పొలం పంచుకున్న అన్నదమ్ములు. పాత ఇంగ్లీషు చేతిరాత మొదట్లో పురుగులు పాకినట్టు కనిపించినా పోను పోను అలవాటైంది. మార్చి మొదట్లో పదిహేడో శతాబ్దం చివర థామస్ పేరు మీద ఇచ్చిన పట్టా దొరికింది. మూడు వందల ఎకరాలు.

ఆనందంగానే చదవడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో వర్జీనియాకి సముద్రం దాటించి ఒక మనిషిని తెస్తే, తెచ్చినవాడికి తలకి యాభై ఎకరాలు ఇచ్చేవారు. థామస్ ఆరుగురిని తెచ్చానని చెప్పుకున్నాడు. పట్టా కింద ఆరు పేర్లున్నాయి. అయిదు ఇంగ్లీషు పేర్లు. ఆరోది, 'శారా, ఈస్ట్ ఇండియన్'. ఇండియా మనిషి.

సుభద్ర కుర్చీలో ముందుకి జరిగింది. భూమి పని అక్కడితో అయిపోయినట్టే. అయినా ఆ పేరు వదలబుద్ధి కాలేదు. ఆ జిల్లా కోర్టు పుస్తకాలు తెరిచి, వెదర్‌బీ పేరున్న ప్రతి పేజీ తిప్పింది. మరుసటి ఆదివారం శారా మళ్ళీ కనిపించింది, ఈసారి ఫిర్యాదుదారుగా.

తాను మెచ్లిపటంలో పుట్టానని శారా కోర్టుకి చెప్పుకుంది. కరువులో ఆ ఊరి జెంటూ దుబాసీ ఒకడు తనను బియ్యానికి కొని ఓడ కెప్టెన్ చేతిలో పెట్టాడు. కొన్నేళ్ళు ఇంటిపని చేస్తే వదిలేస్తామని లండన్‌లో మాట ఇచ్చి, అక్కణ్ణుంచి వర్జీనియా చేర్చారు. గడువు తీరింది. వెదర్‌బీ మాత్రం వదలడం లేదు. కోర్టు రెండు వాక్యాల్లో తేల్చేసింది. ఈమె క్రైస్తవ దేశంలో పుట్టలేదు, సముద్రం మీద వచ్చింది, కనుక బతికున్నంత కాలం బానిస. ఈమె బిడ్డా అంతే.

"మెచ్లిపటం" అని సుభద్ర పైకి చదివింది. రెండోసారి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. మచిలీపట్నం. బందరు. తను పుట్టి పెరిగిన ఊరు.

రామమోహన్ వంటింట్లోంచి వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు. సుభద్ర పేజీ పైకి జరిపి కోర్టు తీర్పు మాత్రం చూపించింది.

"పాపం, ఎక్కడి పిల్ల ఎక్కడికి పోయింది!" అన్నాడతను. కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "ఇది మార్గరెట్‌కి చెప్తావా? ఎనభై నాలుగేళ్ళావిడ. మొన్నేగా గుండెకి స్టెంట్ వేశారు. ఎందుకు చెప్పు ఇప్పుడు?" అన్నాడు.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు సుభద్ర తలూపింది. దుబాసీ సంగతి ఉన్న వాక్యం అతనికి చూపించలేదు. జెంటూలంటే తెలుగువాళ్ళు. ఇంగ్లీషు దొరలు అలాగే పిలిచేవారు. సుభద్ర పుట్టింటి ఇంటిపేరు దుబాసీ. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి ముందు ఆమె తాత కాలు మీద కాలు వేసుకుని, "మా పెద్దలు బందరు రేవులో కంపెనీ దొరలకి నోరూ చెవీ అయినవాళ్ళు" అని చెప్పేవాడు. చిన్నప్పుడు ఆ మాట వింటుంటే సుభద్రకి ఒళ్ళు పొంగేది. బందరు రేవులో దుబాసీలు ఎంతమంది ఉండేవారో, వాళ్ళలో ఈ పని చేసింది ఎవరో ఎవరూ చెప్పలేరు. ఆ వారమంతా ఆమె తనకి తాను ఆ మాటే చెప్పుకుంది.

థామస్ వీలునామా కూడా దొరికింది. పెద్దకొడుక్కి రెండు పాడి ఆవులు, ఒక పరుపు, శారా కూతురు నెల్. ఆ పెద్దకొడుకు సంతతే మార్గరెట్.

సుభద్ర రాసి ఇచ్చిన చరిత్రలో థామస్ వర్జీనియాలో మూడు వందల ఎకరాల పట్టా పొందాడని ఉంది. ఎలా పొందాడో లేదు. రాసినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. మార్గరెట్ కళ్ళజోడు పైకి తోసుకుని, నిలబడే అంతా చదివి, ఆమెని గట్టిగా కౌగలించుకుంది. సుభద్ర చేతులు ఆవిడ వీపు మీదికి వెళ్ళలేకపోయాయి.

ఈస్టర్ శనివారం ఊరి హాల్లో వెదర్‌బీలంతా చేరారు. తలా ఒక వంటకం తెచ్చారు. సుభద్ర పులిహోర తీసుకెళ్ళింది. కిటికీల అవతల రేవు నీళ్ళు తళతళలాడుతున్నాయి. మార్గరెట్ నీలం గౌను వేసుకుని మైకు ముందు నిలబడి చదివింది. చివర కాగితం మడిచి, "మా నాన్న అన్నది నిజమే. మన వాళ్ళు ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు. ఇది వెతికిపెట్టిన సుభద్ర కూడా మన మనిషే. స్పందన నా మనవరాలే" అంది.

అందరూ వెనక్కి తిరిగి చూస్తూ చప్పట్లు కొట్టారు. స్పందన సిగ్గుపడి తల్లి చెయ్యి పట్టుకుంది. సుభద్ర కూడా చప్పట్లు కొట్టింది. ఆ హాలున్న నేల, తమ ఇల్లున్న నేల పందొమ్మిదో శతాబ్దపు యుద్ధం తర్వాత ఇక్కడి మూలవాసులైన మావోరీల దగ్గర్నుంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నవేనని టైటిళ్ళు చూసే ఆమెకి తెలుసు. రోజూ ఆఫీసులో అది తెలిసే సంతకాలు పెడుతుంది. కానీ ఆ రోజు ఆ హాల్లో ఆ ఎరుక ఆమెని వదల్లేదు. పావ్లోవా కేకు ముక్క ఎవరో చేతికిస్తే తినకుండా బల్ల మీద పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె మార్గరెట్‌ని తప్పించుకు తిరగసాగింది. కారు దిగగానే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ సంచినిండా ఫీజోవా పళ్ళు గుమ్మంలో పెట్టి వెళ్తే అవి కుళ్ళిపోయేదాకా ముట్టలేదు. ఆఫీసులో ఏ పేరు చదివినా శారా అనే వినిపించేది. ఇంతలో ఆ చరిత్రని ఫ్రేములు కట్టించి మనవలందరికీ పంచుతున్నానని మార్గరెట్ గోడ మీంచి చెప్పింది. బడిపంతులుగా ఉన్న ఒక మనవడు దాన్ని తరగతి గోడకి తగిలించాడట.

అది విన్న శనివారమే సుభద్ర టాబ్లెట్ పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. మార్గరెట్ వంటింట్లో పళ్ళు కోస్తోంది.

"మార్గరెట్, మీకు రాసిచ్చినదాంట్లోంచి ఒక మనిషిని తీసేశాను."

"ఎవరిని?"

సుభద్ర పేజీలు చూపించింది. ఆవిడ చెయ్యి తుడుచుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుంటూ చాలాసేపు చదివింది.

"ఇది ఎప్పుడు దొరికింది నీకు?"

"మార్చిలో."

"అంటే నేను మైకు ముందు ఆ మాట అంటుంటే, అంతా తెలిసే చప్పట్లు కొట్టావు."

"మీ ఆరోగ్యం బాలేదు కదా, మీ మనసు నొచ్చుకుంటుందేమోనని..."

"నా మనసు సంగతి నేను చూసుకుంటాను" అంది మార్గరెట్. "మొగుణ్ణి పాతిపెట్టాను. కొడుకుని పాతిపెట్టాను. నిజం వింటే చచ్చిపోతాననుకున్నావా? నా నోటితో నా మనవల ముందు అబద్ధం చెప్పించావు, సుభద్రా."

మార్గరెట్ మళ్ళీ తెర వైపు చూసి ఒక మాట మీద వేలు పెట్టింది. "ఈ జెంటూ అంటే ఏమిటి?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆవిడకి తెలిసే దారి లేదు. సుభద్ర నోటిదాకా అబద్ధం వచ్చింది కూడా.

"తెలుగువాళ్ళు. మేము" అంది చివరికి. "దుబాసీ అంటే రెండు భాషలు వచ్చినవాడు. దొరలకీ మావాళ్ళకీ మధ్య బేరాలు కుదిర్చేవాడు. ఆ ఊరు మా ఊరు. మా పుట్టింటి ఇంటిపేరు దుబాసీ."

మార్గరెట్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఆ పిల్లని నా కోసం తీసేశావా, నీ కోసమా?"

"మీ కోసమనే అనుకున్నాను" అంది సుభద్ర. "కాదు."

మార్గరెట్ టాబ్లెట్ ఆమె చేతికిచ్చి, కత్తి అందుకుని మళ్ళీ పళ్ళు కోయడం మొదలుపెట్టింది. ఇక వెళ్ళమన్నట్టే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సుభద్ర భర్తకీ కూతురికీ తను దాచిన వాక్యం చదివి వినిపించింది. రామమోహన్ చిరాకు పడ్డాడు. "బందరులో వందమంది దుబాసీలు ఉండుంటారు. నువ్వెందుకు మీదేసుకుంటావు?"

"ఆ వందమందిలో మావాళ్ళు లేరని చెప్పగలనా?"

"దట్ ఈజ్ సో మెస్డ్ అప్" అంది స్పందన. తర్వాత మెల్లిగా, "నానా ఏడ్చిందా, అమ్మా?" అని అడిగింది.

"ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది."

జూన్‌తో మొదలయ్యే ఇక్కడి శీతాకాలమంతా పక్కింటి తలుపు మూసే ఉంది. కలిసినప్పుడు మార్గరెట్ తలూపేది, అంతే. స్పందన మాత్రం వెళ్ళి వస్తూ ఉండేది, అక్కడి కబుర్లు తల్లికి చెప్పేది కాదు. సుభద్ర అడిగేది కాదు. ఆగస్టులో స్పందన చేత మార్గరెట్ కబురు పంపింది: ఆదివారం భోజనానికి రమ్మనీ, ఆ కోర్టు కాగితం తెమ్మనీ.

ఈస్టర్‌కి హాలు నిండింది. ఆ ఆదివారం వచ్చినవాళ్ళు మార్గరెట్ ముందుగదిలో సరిపోయారు. ఆవిడ అందరికీ ఉత్తరాలు రాసిందట. ఒక మేనల్లుడు, ఈ వయసులో ఇంటి పరువు తీస్తున్నావని తిట్టి ఫోన్ పెట్టేశాడట. మార్గరెట్ లేచి నిలబడి, "ఈస్టర్ రోజు నేను మీకు చెప్పింది తప్పు. మనం లాక్కున్నాం. ఎవరి దగ్గర లాక్కున్నామో సుభద్ర చదువుతుంది" అంది.

సుభద్ర చదివింది. జెంటూ దుబాసీ దగ్గర ఆగి, తన పుట్టింటి పేరు చెప్పింది. బడిపంతులు మనవడి భార్య, "ఆమె అసలు పేరేమిటి?" అని అడిగింది.

"తెలీదు. పేరు మార్చాకే రాసుకున్నారు. ఎక్కడా లేదు."

చెప్పి కూర్చున్నాక కూడా సుభద్ర మనసు ఆ పేరు వెతకడం మానలేదు. అచ్చమ్మ అయ్యుంటుందా, మంగమ్మా, పోలేరమ్మా? ఏ పేరూ నిలవలేదు. అంతా చెప్పేస్తే బరువు దిగుతుందని అనుకుంది గానీ దిగలేదు. బియ్యం కొలిచి ఒక పిల్ల చెయ్యి ఓడవాడి చేతిలో పెట్టినవాడు ఇంటికొచ్చి ఏం చెప్పి ఉంటాడు? ఆ పూట ఆ ఇంట్లో అందరూ అన్నం తినే ఉంటారు.

గిన్నెలు కడుగుతున్నప్పుడు మార్గరెట్ తువ్వాలుతో పక్కన వచ్చి నిలబడింది. "ఆ పిల్ల కూతురు, నెల్. ఆమె ఏమైందో వెతకగలవా?"

"వెతుకుతాను."

"ఈసారి నేను పక్కన కూర్చుంటాను."

అప్పటినుంచి ప్రతి గురువారం సాయంత్రం ఇద్దరూ మార్గరెట్ టేబుల్ దగ్గర కూర్చుంటున్నారు. వీలునామా తర్వాత నెల్ ఒక అమ్మకం దస్తావేజులో కనిపించింది. పెద్దకొడుకు ఆమెని కరోలినా వెళ్తున్న ఒకడికి అమ్మేశాడు. ఆ డబ్బుతో ఏం చేశాడో పక్క పేజీలోనే ఉంది, పొలం పెంచుకున్నాడు. కరోలినాలో ఆమె జాడ ఇంకా దొరకలేదు. ఆ పేరున్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎవరి పక్కనా తల్లి పేరు లేదు.

మార్గరెట్ మళ్ళీ మాట్లాడుతోంది, టీ ఇస్తోంది, స్పందన చదువు గురించి గొడవపడుతోంది. కానీ సుభద్ర ఒక పేజీ చదివి అర్థం చెప్పగానే, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని భూతద్దంతో అదే పేజీ మొదటి మాట నుంచి తనంతట తాను చదువుకుంటుంది. వరుస వరుసకీ వేలు జరుపుతుంది. సుభద్ర చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ చదవడం అయ్యేదాకా కూర్చుంటుంది.