తెల్లకాగితం చెప్పిన సాక్ష్యం

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. పిల్లలు బొమ్మలు చూసుకునే రకం కాదు, ఆఫీసు పని కోసం తయారైన రకం. అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. మూత తెరిచినా, వేలిముద్ర పడనిదే లోపలికి రానివ్వను. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే నాకు నేనే తాళం వేసుకుంటాను.

నన్ను చేసినవాళ్లకు నాకంటే అనుమానం ఎక్కువ. నా కడుపులో ఒక మూల గోరంత తెల్లకాగితం అంటించారు. నీటిచుక్క తగిలితే అది ఎర్రబడుతుంది. నేను పాడైననాడు "మేమేం పోయలేదండీ" అని మీరు అబద్ధమాడతారని వాళ్లు ముందే అనుకున్నారు. మీరు నన్ను కొనకముందే మీ మీద ఒక గూఢచారిని పెట్టారన్నమాట.

మొదట హైదరాబాదులో ఒక కంపెనీకి వెళ్లాను. అక్కడ నన్ను వాడినాయన నా కెమెరా కంటి మీద స్టిక్కరు ముక్క అంటించాడు. నేను ఆయన్ని చూస్తానని భయం. నిజానికి ఆయన్ని చూడాలని నాకేం లేదు. కొన్నేళ్లయ్యాక కంపెనీ నన్ను వదిలించుకుంది. పాతవాటిని బాగుచేసి అమ్మే దుకాణం వాళ్లు తుడిచి, తెల్లకాగితం కొత్తది అంటించి, ఏడాది గ్యారంటీతో గుంటూరుకి అమ్మారు.

అక్కడ నా ఉద్యోగం ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. యజమాని నాగభూషణం గారు. కాటా చూపించిన బరువు కూడా నమ్మక, బస్తాను చేత్తో ఎత్తి చూసుకునే మనిషి. నాలో తన బొటనవేలి ముద్ర ఒక్కటే పెట్టించుకున్నారు. బస్తాల వివరాలు ఎక్కించేది మాత్రం సలోమి. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ అమ్మాయే. వాళ్లమ్మ అదే ఆవరణలో రేకుల కింద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంది. మంచినీళ్ల వంకతో లేచి, కుర్చీలో కూర్చున్న కూతుర్ని కిటికీలోంచి ఒకసారి చూసుకుని వెళ్తుంది.

ఎండాకాలం వచ్చింది. నా ఫ్యాను గాలితోపాటు మిరప ఘాటునూ, ఎర్రటి దుమ్మునూ పీల్చేది. లోపల సెగ పుట్టేది. సెగ మితిమీరితే నన్ను నేను కాపాడుకోవడానికి ఆరిపోవాలి, అది నా నియమం. ఆరిపోయిన ప్రతిసారీ సలోమి లారీలు ఆగే ప్లాట్‌ఫారం దాకా వెళ్లి యజమాని బొటనవేలిని పిలుచుకు రావాలి.

"మళ్లీనా? ఏం చేస్తన్నావమ్మా దీంతో? సినిమాలు పెడతన్నావా?"

"లేదు సార్. వేడెక్కుతోంది."

"అందరికీ వేడిగానే ఉంది. మనం ఆరిపోతన్నామా?"

చార్జర్ మార్చారు. ప్లగ్గు వదులుగా ఉందని అగ్గిపుల్ల దోపారు. బ్యాటరీ మీదే నడిపి చూశారు. సలోమి నా కింద రెండు పెంకుముక్కలు పెట్టి గాలి ఆడేలా చేసింది. నా లోపలికి తొంగిచూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. విప్పితే గ్యారంటీ పోతుందని వాళ్ల అనుమానం.

ఒక మధ్యాహ్నం సలోమి అన్నానికి వెళ్లింది. నాగభూషణం గారు నన్ను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని చలిగదిలోకి నడిచారు. "ఎండుమిరపకాయే ఏడాది చెక్కుచెదరకుండా ఉంటది ఇక్కడ. నీకేం రోగం?" అని నన్ను ఒక బస్తా మీద పడుకోబెట్టారు. చెప్పొద్దూ, అంత సుఖం నేనెన్నడూ ఎరగను. కాసేపటికి తిరిగి తెచ్చి, మండిపోతున్న ఆఫీసు గదిలో బల్లమీద పెట్టారు. ఇంతలో లారీ హారన్ వినబడి బయటికి వెళ్లారు.

అప్పుడు నాకు చెమట పట్టింది. పైన పట్టింది కాసేపటికి ఆరిపోయింది. లోపల పట్టింది ఆరలేదు. ఎవరో మోసం చేసి నా లోపలికి తడి పంపారని తెలుస్తూనే ఉంది, ఎవరో తెలియలేదు.

సలోమి వచ్చి నా మూతమీద చెయ్యి వేసింది. "హమ్మయ్య, ఇవాళ చల్లగా ఉంది" అని మీట నొక్కింది. లోపల చిటుక్కుమంది. అంతే.

మర్నాడు దుకాణం నుంచి మనిషి వచ్చి నన్ను విప్పాడు. గుప్పున లేచిన దుమ్ముకి వరసగా తుమ్మాడు. ఆ తర్వాత టార్చి వేసి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"సార్, లోపల కాగితం ఎర్రబడింది. నీళ్లు పోశారు. గ్యారంటీ రాదు."

నాగభూషణం గారు సలోమి వైపు తిరిగారు. "టీ ఒలికించావా?"

"నేను బల్ల దగ్గర టీ తాగను సార్." ఆమె దుకాణం మనిషి వైపు తిరిగింది. "అన్నా, టీ అయితే మరకుంటుంది కదా, జిగురుంటుంది కదా. ఉందా?"

"లేదమ్మా. మరకా జిగురూ ఏం లేవు. ఉత్త నీళ్లే."

"చూశావా, నీళ్లంట! నీ సీసా ఎప్పుడూ ఇక్కడే ఉంటది. నీ చేతిలోనే పోయింది. సాయంత్రం లోపల ఒప్పుకో, ఏమనను. అబద్ధమాడితే మాత్రం రేపట్నించి రావాకు."

సూపర్‌వైజర్ మస్తాన్ ఆమెను పక్కకి పిలిచాడు. "ఒలికింది సార్ అని ఒక్క మాట అనెయ్ చెల్లెమ్మా. ఆయన అరుస్తాడు, మర్చిపోతాడు."

"ఒలకలేదుగా అన్నా."

"ఒలక్కపోతే ఏంది? ఉద్యోగం నిలబడుద్ది."

"రేపు ఒక బస్తా తగ్గితే కూడా నన్నే అంటారు. అప్పుడూ ఒప్పుకోవాలా?"

కిటికీ అవతల వాళ్లమ్మ నిలబడి ఉంది. చేతిలో చెంబు ఉంది గాని నీళ్లు తాగడం లేదు.

సాయంత్రం ఒక రైతు తన సరుకు చూపించమని వచ్చాడు. నాగభూషణం గారు అతనితో చలిగదిలోకి వెళ్లి చాలాసేపు బస్తాలు వెతికారు. బయటికి వచ్చి ఆఫీసు గడపలో ఆగిపోయారు.

"అబ్బ, ఏం కనబడి చావట్లా." కళ్లజోడు తీశారు. అద్దాలు తెల్లగా మసకేశాయి. వాటి మీంచి సన్నటి చుక్క జారింది. భుజం మీది తువ్వాలుతో తుడవబోయారు.

"ఆగండి సార్." సలోమి కుర్చీలోంచి లేచింది. కళ్లజోడు వైపు చూసింది, విప్పి పడేసి ఉన్న నా వైపు చూసింది. "నిన్న నేను అన్నం తిని వచ్చేసరికి దీని మూత చల్లగా ఉంది. లోపలికి తీసుకెళ్లారా?"

"తీసుకెళ్లా. చల్లబడాలని. అయితే ఏంది?"

"మీ కళ్లజోడు మీద నీళ్లు ఎవరు పోశారు సార్?"

మస్తాన్ నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు. నాగభూషణం గారు అద్దాల మీద వేలు రాసి, ఆ తడిని చాలాసేపు చూశారు. ఆయన క్షమించమని అడగలేదు. అలా అడిగే అలవాటు ఆయనకున్నట్టు నేనెప్పుడూ చూడలేదు. "రేపు పొద్దున్నే లారీ ఉంది. తొందరగా రా" అన్నారు. కిటికీ అవతల చెంబెత్తి నీళ్లు తాగిన చప్పుడైంది.

ఇప్పుడు నేను ఇనప బీరువా మీద ఉన్నాను. కాగితాలు ఎగిరిపోకుండా నన్ను బరువుగా పెట్టారు. నాకేమైందని ఎవరడిగినా నాగభూషణం గారు "చెమట పట్టి పోయింది" అంటారు. ఎవరివల్లో చెప్పరు. నా తెల్లకాగితమూ అంతే. నీళ్లు తగిలాయని చెప్పింది గాని, ఎటునుంచి వచ్చాయో చెప్పలేదు. సగం సాక్ష్యం చెప్పే గూఢచారిని ఎందుకు పెట్టారో నన్ను చేసినవాళ్లనే అడగాలి.

కింద బల్లమీద కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. దాన్ని తెరిచిన రోజు నాగభూషణం గారు తన బొటనవేలు పెట్టి, కాస్త ఆగి, "నీది కూడా పెట్టమ్మా" అన్నారు. సలోమి చున్నీకి వేలు తుడుచుకుని పెట్టింది.

ఆమె మీద నమ్మకం కుదిరిందా, లేక మాటిమాటికీ ప్లాట్‌ఫారం నుంచి నడిచి రావడానికి బద్ధకమా? మీరు మంచివాళ్లు, మొదటిదే అనుకుంటారు. నేను మాత్రం ఇక్కడినుంచి చూస్తూనే ఉన్నాను.